క్యారీబ్యాగ్‌లో ఏముందో ముందు చూడమనండి

ప్రశ్న: గురువు గారికి నమస్కారం. తాడేపల్లిగూడెంలో చిన్న ట్యాక్స్ ఆఫీసు నడుపుతున్నాను. ప్రతి ఏడాదీ మే నెలలో ఇద్దరు బీకాం పిల్లల్ని పనిలో పెట్టుకుంటాను. రెండు రోజులు సాఫ్ట్‌వేర్ చూపిస్తే చకచకా రిటర్నులు తయారుచేసేస్తారు. జులై వచ్చేసరికి అన్నీ తప్పులే. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని నేనే మళ్లీ చూసుకోవాల్సి వస్తోంది. వాళ్లకు ఎలా నేర్పాలి?
– ఓ పాఠకురాలు, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మా, సాఫ్ట్‌వేర్ మూడో వారంలో చూపించండి. రాజమండ్రిలో ముప్పై ఏళ్లుగా నాదీ ఇదే పని. మా ఆఫీసులో కొత్తవాళ్లకు మొదట్లో కంప్యూటర్ ఇవ్వను, ఒక క్యారీబ్యాగ్ ఇస్తాను.

నిజంగా క్యారీబ్యాగే. మన క్లయింట్లు కాగితాలు తెచ్చేది అందులోనే కదా. పాత ఫైళ్లలోంచి పేర్లు, పాన్ నంబర్లు కొట్టేసిన జిరాక్సులు వేస్తాను: ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితం), బ్యాంకు పాస్‌బుక్, ఎల్ఐసీ రసీదులు, పిల్లాడి స్కూలు ఫీజు రసీదు, మధ్యలో ఒక కరెంటు బిల్లు. బిల్లు కావాలనే పెడతాను. ఫీజు రసీదులో ట్యూషన్ ఫీజుతో పాటు డెవలప్‌మెంట్ ఫీజు కూడా ఉంటుంది. పన్ను మినహాయింపు ఇచ్చే 80సీ సెక్షన్‌లో చూపగలిగేది ట్యూషన్ ఫీజు వరకే అన్న సంగతి ముందు చెప్పను. ఎఫ్‌డీ వడ్డీ సర్టిఫికెట్ మాత్రం తీసేస్తాను. కానీ మూడు నెలలకోసారి వడ్డీ జమ అయిన ఎంట్రీలు పాస్‌బుక్‌లో అలాగే ఉంటాయి. తెల్లకాగితం మీద రెండే రాయమంటాను: ఈ మనిషికి డబ్బు ఎక్కడెక్కడి నుంచి వచ్చింది, ఏ కాగితం తేలేదు. మొదటి రోజు ఆ ఎఫ్‌డీ ఎవరి కంటా పడదు. మూడో రోజుకు పాస్‌బుక్‌ను వేలు పెట్టి లైను లైను చదవడం మొదలవుతుంది.

"ప్రీఫిల్‌లో (రిటర్నులో ముందే నిండి వచ్చే వివరాల్లో) వచ్చేసింది కదా సార్" అన్నది ఈమధ్య కొత్తవాళ్ల ఊతపదం. 2021లో ఏఐఎస్ (మన ఆదాయ వివరాలను పన్ను శాఖే ఒకచోట చూపించే పట్టిక) వచ్చాక పని తేలికైన మాట నిజమే. కానీ ఉమ్మడి ఎఫ్‌డీలో మొదటి పేరు తల్లిదైతే వడ్డీ అంతా ఆవిడ పాన్ మీదే కనిపిస్తుంది, డబ్బేమో కొడుకుది. ఆ సంగతి మనిషిని అడిగితేనే తెలుస్తుంది.

ఆ అడగడం కూడా నేర్పాల్సిందే. "వేరే ఆదాయం ఏమైనా ఉందా అండీ?" అంటే దాదాపు అందరూ లేదనే అంటారు. "అమ్మాయి పెళ్లికి దాచుకున్న డబ్బు ఆదాయం ఎలా అవుతుంది బాబూ?" అని ఓ రిటైర్డ్ మాస్టారు నన్నే ఎదురు ప్రశ్న వేశారు. ఆయన దాచిపెట్టిందేమీ లేదు, అడగడం నాకే రాలేదు. ఏయే బ్యాంకుల్లో డిపాజిట్లు ఉన్నాయి, పోస్టాఫీసులో ఏముంది, ఈ ఏడాది ఉద్యోగం మారారా, స్థలం గానీ షేర్లు గానీ అమ్మారా అని పేరుపేరునా అడగాలి. మా జూనియర్ అడుగుతుంటే నేను పక్కన టీ తాగుతూ వింటాను, కల్పించుకోను. కష్టమే అనుకోండి.

రెండో వారం లెక్క, అదీ చేత్తో. నేను ఎప్పుడూ ఇచ్చే లెక్క ఒకటుంది, మీరూ వాడుకోండి. 2024-25లో ఒకబ్బాయికి సెప్టెంబరు దాకా ఒక కంపెనీలో 4.80 లక్షలు, అక్టోబరు నుంచి ఇంకో కంపెనీలో 5.40 లక్షలు జీతం వచ్చింది. పన్ను కొత్త విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులు కొన్నే). పాత జీతం సంగతి రెండో కంపెనీకి చెప్పలేదు. రెండు ఫారం 16లలోనూ స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లకు జీతంలోంచి నేరుగా తగ్గించే మొత్తం) 75,000 తీసేసి ఉంటుంది. కొత్తవాళ్లు అడుగు లైన్లలో ఉన్న 4.05, 4.65 కలిపేసి 8.70 లక్షలు రాసి, సెస్సుతో 38,480 పన్ను తేలుస్తారు. 75,000 మనిషికి ఒక్కసారే కదా! 10.20 లక్షల్లోంచి తీస్తే 9.45 లక్షలు, పన్ను 46,280. మొదటి కంపెనీ జీతంలోంచి ముందే కోసిన పన్ను (టీడీఎస్) 20,020, రెండో కంపెనీ కోసింది సున్నా. ఇంకా కట్టాల్సింది 26,260, పైన వడ్డీ. ఈ మాట ఆ అబ్బాయికి ఫోన్‌లో చెప్పాలి కదా, అదీ ప్రాక్టీసు చేయిస్తాను. క్లయింటును నేనే, గట్టిగా అరుస్తాను కూడా.

2025-26 ఆదాయానికైతే కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉంది. అదే తప్పు చేసినా పన్ను సున్నా అనే వస్తుంది, తప్పు బయటపడదు. నేర్పడానికి పాత ఏడాదే మంచిది. ఇంకోటి, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చిందని పిల్లలు కంగారు పడుతుంటారు. 2025-26 రిటర్నులు ఇంకా 1961 చట్టం కిందివే అని గోడ మీద రాసి పెట్టండి.

నా నిర్వాకం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఓ మాస్టారు పోయాక ఆయన భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌ను మా జూనియర్ జీతం కింద వేసి, స్టాండర్డ్ డిడక్షన్ మొత్తం తీసేసింది. అది ఇతర ఆదాయాల్లోకి వెళ్తుంది. తగ్గింపు మూడో వంతు లేదా 15,000, ఏది తక్కువైతే అది. 2024-25 నుంచి కొత్త విధానంలో ఆ 15,000 కాస్తా 25,000 అయింది. ఆఖరి రోజుల హడావుడిలో నేను చూడకుండానే పంపేయమన్నాను. ఆ మాస్టారి భార్య నోటీసు పట్టుకుని ఎండలో ఆటో ఎక్కి వచ్చింది. వడ్డీ నేనే కట్టాను. జూనియర్‌ను ఏమీ అనలేదు, అనడానికి నాకు మొహం లేదు. అప్పటి నుంచి తయారుచేసినవాళ్లవీ, చూసినవాళ్లవీ ఇనీషియల్స్ కంప్యూటేషన్ (పన్ను లెక్క కాగితం) మీద పడ్డాకే క్లయింటును ఓటీపీ అడుగుతాం. పంపిన ప్రతి రిటర్నూ 30 రోజుల్లో ఈ-వెరిఫై (ఆన్‌లైన్‌లో ధ్రువీకరణ) అయిందో లేదో చూసే రిజిస్టర్ జూనియర్ల దగ్గరే ఉంటుంది.

రాత్రి పదకొండింటి దాకా కూర్చోవడం మీకు పూర్తిగా తప్పదమ్మా. ఒక్కొక్కరి మొదటి ఇరవై రిటర్నులు కాగితం కాగితం మీరే చూడండి. తప్పు దొరికితే మీరు దిద్దకండి, ఫైలు వెనక్కి ఇచ్చేయండి.

ప్రశ్న: బీకాం అయ్యాక ఒక ట్యాక్స్ ఆఫీసులో చేరాను. రీఫండ్ రావాలని రసీదులు లేకుండానే 80జీ (విరాళాలు), 80డీ (ఆరోగ్య బీమా) కింద అంకెలు వేయమంటున్నారు. అందరూ చేసేదే అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: వేయకు బాబూ. ఇలాంటి తప్పుడు మినహాయింపుల మీదే 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. రిటర్నులు తయారుచేసి పెట్టే మధ్యవర్తుల మీదా దృష్టి పెట్టింది. అంతకు ముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది రిటర్నులు సరిదిద్దుకుని 1,045 కోట్ల క్లెయిములు వెనక్కి తీసుకున్నారని శాఖే ప్రకటించింది. పైగా 80డీకి బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఇప్పుడు రిటర్నులోనే అడుగుతున్నారు. "పాలసీ నంబరు ఇవ్వండి సార్, వేసేస్తాను" అని మెత్తగా అడిగి చూడు. అయినా వేయమనే అంటే వేరే ఆఫీసు చూసుకో. జూన్, జులైల్లో పని తెలిసిన జూనియర్ కోసం వెతుక్కోని ట్యాక్స్ ఆఫీసు ఖమ్మంలో ఉంటుందనుకోను.