గైడ్ డాగ్ సంస్థవాళ్ల తల్లికుక్కను మా ఇంట్లో పెంచుకోవచ్చా?

చూపు లేనివాళ్లకు దారి చూపే గైడ్ డాగ్స్‌ను తయారుచేసే సంస్థ ఒకటి, పిల్లల్ని కనే ఆడకుక్కను మీ ఇంట్లో ఉంచుతామందని, తిండి, వైద్యం ఖర్చు వాళ్లదేనని రాశారు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి కుదురుతుందా, కూనలు వెళ్లిపోతే తట్టుకోగలమా అన్నది మీ సందేహం.

మేం ఇలాంటి లాబ్రడార్‌ను కొన్నేళ్లుగా పెంచుతున్నాం. నన్నడిగితే కూనల గురించి అంత టెన్షన్ అక్కర్లేదండీ. అసలు ఇబ్బంది తారీఖులు మన చేతిలో లేకపోవడం. మీ ఇద్దరిలో ఒక్కరైనా ముందురోజు ఫోన్ వస్తే మర్నాడు సెలవు పెట్టి కారు తీయగలరా? మిగతావన్నీ దాని తర్వాతే.

సంస్థలు ఇలా ఇళ్లలో ఎందుకు పెడతాయో చాలామందికి తెలియదు. పనిచేసే గైడ్ డాగ్స్‌కి సాధారణంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తారు. రోడ్డు మీద మనిషిని నడిపించే కుక్క ఎదకొస్తే దాని ధ్యాస పని మీద ఉండదు కదా. అందుకని సంతానం కోసం కొన్నిటిని విడిగా ఎంచుకుంటారు. శిక్షణలో తప్పినవాటిని ఇలా ఇళ్లకు పంపేస్తారేమో అని మా బంధువులు అనుకునేవాళ్లు. నిజానికి ఉన్నవాటిలో మేలైనవే ఇవి. పెద్ద శబ్దానికి బెదరకూడదు, కొత్త మనుషుల్ని చూసి మొరగకూడదు. తుంటి, మోచేతి కీళ్లకు ఎక్స్‌రే తీస్తారు, కళ్లు చూస్తారు, జన్యు పరీక్షలు చేస్తారు. లాబ్రడార్లలో పీఆర్ఏ అని రెటీనా మెల్లగా పాడై చూపు పోయే జబ్బు ఒకటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ పైకి బాగున్నా, ఇద్దరిలోనూ ఆ జన్యువు దాగి ఉంటే కూనల్లో సగటున నాలుగో వంతుకు అది వస్తుంది. దారి చూపాల్సిన కుక్కకే చూపు పోతే ఇంకేముంది! ఇన్ని వడపోతలు దాటి వచ్చింది కాబట్టి ఇంట్లో పెట్టుకోవడానికి అంత నెమ్మదైన కుక్క మామూలుగా దొరకదు.

ఇక ఎద సంగతి. చాలా ఆడకుక్కలు ఆరేడు నెలలకోసారి ఎదకొస్తాయి, రెండు మూడు వారాలు ఉంటుంది. మొదటి రక్తపు చుక్క కనిపించగానే సంస్థకు చెప్పాలి. అది కనిపెట్టడం మీ పనే. మాది ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకునే రకం కాబట్టి రోజూ పొద్దున్నే తెల్ల టిష్యూతో తుడిచి చూసేవాళ్లం. తర్వాత ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఎంతుందో చూడటానికి రెండు మూడు రోజులకోసారి రక్తపరీక్షకు పిలుస్తారు. ఆ అంకెను బట్టి జత కట్టించే రోజు తేలుతుంది. అది ఆఫీసులో ముఖ్యమైన మీటింగ్ రోజే అవుతుంది, అదేమిటో! ఈ వారాల్లో పట్టీ లేకుండా బయట వదలకూడదు, ప్రహరీ గేటు తెరిచి పెట్టకూడదు. వీధిలో మగకుక్కలు మీ గుమ్మం ముందే కాపురం పెడతాయి. ఆపరేషన్ కాని మగకుక్క మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే, సంస్థ అసలు ఒప్పుకోకపోవచ్చు.

కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. నాలుగో వారంలో స్కానింగ్ చేస్తారు, చివర్లో ఎక్స్‌రే తీసి ఎన్ని కూనలో లెక్కపెడతారు. ఈ రెండు నెలలూ పెద్ద హడావిడి ఉండదు, వాళ్లు రాసిచ్చిన కొలత ప్రకారం తిండి పెట్టడం, నడిపించడం అంతే. పాపం కదా అని కాల్షియం మాత్రలు వేయకండి, కడుపుతో ఉన్నప్పుడు అదనంగా ఇస్తే ఈనిన తర్వాత రక్తంలో కాల్షియం పడిపోయి ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

కడుపు నిలవకపోతే అంతటితో అయిపోయిందనుకోవద్దు. కొన్నిటికి ఎద తర్వాత ఉత్తుత్తి కడుపు వస్తుంది. మాది ఒకసారి చెప్పుల్ని, బొమ్మల్ని పక్కలోకి చేర్చుకుని కాపలా కాసింది, పాలు కూడా వచ్చాయి. అది దానంతటదే తగ్గిపోతుంది. భయపడాల్సింది గర్భసంచిలో చీము పట్టడానికి. ఎద అయిన నెల రెండు నెలల్లో కుక్క డల్‌గా ఉండి, తిండి మానేసి, నీళ్లు మరీ ఎక్కువ తాగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

ఈనడం ఎక్కడన్నది ముందే అడగండి. కొన్ని సంస్థలు తల్లిని తమ కేంద్రానికి తీసుకెళ్తాయి, కొన్ని మీ ఇంట్లోనే పెట్టెతో సహా ఏర్పాటు చేస్తాయి. మాది కేంద్రంలోనే ఈనేది. ఇంట్లో అయితే నిద్ర మీద ఆశ వదులుకోవాలి. చివరి రోజుల్లో పూటపూటకూ ఒంటి వేడి చూస్తుండాలి. మామూలుగా 38 డిగ్రీల పైన ఉండేది 37 దగ్గరికి దిగిందంటే ఒక రోజులోపు నొప్పులు మొదలవుతాయని లెక్క. కూనలు పది పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తాయి, ఏడెనిమిది వారాలకు పెంపకం వాలంటీర్ల దగ్గరికి వెళ్తాయి. అప్పటికి తల్లే వాటిని విసుక్కుంటూ పక్కకు పోతుంటుంది. మా పిల్లలు రెండు రోజులు దిగులుపడ్డారు, అంతే. తల్లి మాత్రం చిక్కిపోయి వచ్చి, తర్వాత వారాల తరబడి ఇల్లంతా బొచ్చు రాల్చేది.

నాకు నిజంగా బాధ కలిగించింది వేరే ఉంది. పుట్టిన కూనల్ని సంస్థ ఏళ్ల తరబడి గమనిస్తూనే ఉంటుంది. మా కుక్క మొదటి ఈత కూనల్లో కొన్నిటికి మోచేతి కీళ్ల సమస్య బయటపడింది. దానికి ఏ జబ్బూ లేకపోయినా ప్రోగ్రాం నుంచి తప్పించారు. వాళ్లు చేసింది సరైనదే, అయినా మనసు ఒప్పుకోవడానికి టైం పట్టింది. ఆపరేషన్ చేయించి మాకే ఇచ్చేశారు, ఇప్పుడు మామూలు పెంపుడు కుక్క.

అందుకే సంతకం పెట్టేముందు కాగితంలో ఇది చూసుకోండి: రిటైరయ్యాక కుక్క ఎవరిది, అప్పటినుంచి వైద్యం ఖర్చు ఎవరిది. ఎన్ని ఈతలకు ఆపేస్తారో కూడా అడగండి. ఉద్యోగాల వల్ల రోజంతా ఇల్లు ఖాళీగా ఉండేటట్టయితే ఆ మాట దాచకుండా చెప్పండి, కుక్కను గంటల తరబడి ఒంటరిగా వదిలే ఇంటికి వాళ్లు ఇవ్వరు. సెలవు దొరకడం కష్టమైతే మగకుక్క ఏమైనా ఉందేమో కనుక్కోండి. దానికి ఎద, కాన్పు గొడవలు ఉండవు, పిలిచినప్పుడు కేంద్రానికి తీసుకెళ్లి తీసుకురావడమే పని. కాకపోతే ఎదకొచ్చిన ఆడకుక్క వాసన తగిలినప్పుడు దాన్ని పట్టీతో ఆపగలిగే బలమున్న మనిషి ఇంట్లో ఉండాలి.