డాక్టర్ సలహా: తడిగా ఉంటే ఉంగరాలు, ఆరితే గడ్డివాము... కెరాటిన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 24. మాది గుంటూరు బ్రాడీపేట. ఏడాదిగా విజయవాడలో ఉద్యోగం చేస్తూ పటమటలో హాస్టల్‌లో ఉంటున్నాను. చిన్నప్పుడు నా జుట్టు సాఫీగా ఉండేది. ఇంటర్‌కి వచ్చేసరికి వంకీలు తిరగడం మొదలైంది. తలస్నానం చేసి రాగానే ఉంగరాలు చక్కగా కనిపిస్తాయి. ఆరాక దువ్వితే గడ్డివాములా లేస్తుంది. నూనె సరిగ్గా పెట్టకపోవడం వల్లే అని అమ్మ అంటుంది. పార్లర్‌లో అడిగితే ‘జుట్టు బాగా డ్యామేజ్ అయింది, జుట్టును సాఫీ చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకుంటే ఆరు నెలలు చూసుకోనక్కర్లేదు’ అన్నారు. మాఘమాసంలో అన్నయ్య పెళ్లి ఉంది. దీనికితోడు రెండు నెలలుగా జుట్టు కుచ్చులుగా రాలుతోంది. నాలుగైదు నెలల కిందట టైఫాయిడ్ వచ్చి తగ్గింది. ప్రస్తుతం బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటున్నాను. కెరాటిన్ చేయించుకోమంటారా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు అడిగినవి రెండు వేర్వేరు విషయాలు. జుట్టు వంకీలు తిరగడం ఒకటి, రాలడం ఇంకొకటి. పార్లర్ వాళ్లు రెండింటినీ కలిపి ‘డ్యామేజ్’ అనేశారు. వంకీలు తిరగడం జబ్బే కాదు. రాలడం కూడా చాలావరకు దానంతట అదే సర్దుకునేదే, కాకపోతే ఒకసారి రక్తపరీక్షలు చేయించాలి. కెరాటిన్ మాత్రం వద్దు. ఎందుకో తర్వాత చెబుతాను.

వెంట్రుక తిన్నగా రావాలా, మెలి తిరగాలా అన్నది మాడు లోపల కుదురు ఆకారాన్ని బట్టి ఉంటుంది. కుదురు నిటారుగా ఉంటే వెంట్రుక తిన్నగా వస్తుంది. కాస్త వంగి ఉంటే కోలగా, వంకీ తిరుగుతూ వస్తుంది. ఇది వంశపారంపర్యం. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల జుట్టు తీరు మారడం కూడా మామూలే. మీ మేనత్తలదో, అమ్మమ్మదో ఇదే జుట్టు అయ్యుండవచ్చు. మన ఇళ్లలో ఆడపిల్లలకు నూనె పట్టించి, బిగించి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టేసేవాళ్లు కదా, తమది ఉంగరాల జుట్టని చాలామందికి తెలిసే అవకాశమే ఉండేది కాదు. తలనీలాలు ఇస్తే కొత్త జుట్టు సాఫీగా వస్తుందా అని కూడా నన్ను కొందరు అడుగుతుంటారు. మొక్కు ఉంటే దుర్గమ్మకో వెంకన్నకో నిక్షేపంగా తీర్చుకోండి. కత్తి కుదురు దాకా వెళ్లదు కాబట్టి వచ్చే జుట్టు మాత్రం అదే.

ఇక గడ్డివాము సంగతి. వెంట్రుకలో ఉండేది కెరాటిన్ అనే ప్రొటీన్. దాని పోగులను పట్టి ఉంచే బంధాల్లో కొన్ని నీళ్లు తగలగానే విడిపోయి, ఆరేటప్పుడు మళ్లీ కలుస్తాయి. ఏ ఆకారంలో ఉండగా ఆరితే ఆ ఆకారమే నిలబడుతుంది. అంటే మీ ఉంగరాలు ఎలా ఉంటాయో తేలేది ఆ ఆరే గంటా రెండు గంటల్లోనే. సరిగ్గా అప్పుడే మనం మందపాటి టర్కీ టవల్‌తో రుద్దుతాం, దులుపుతాం, ఫ్యాన్ కింద వేళ్లు పెట్టి విడదీస్తాం, ఆరాక సన్నపళ్ల దువ్వెన పట్టుకుంటాం. పక్కపక్కనే కలిసి ఒక వంకీగా నిలవాల్సిన వెంట్రుకలు వేటికవి విడిపోయి లేస్తాయి. పైగా బెజవాడ గాలిలో తేమ. బయటికి వెళ్లగానే ఆ తేమ వెంట్రుకలోకి చేరి ఉన్న ఆకారాన్ని మళ్లీ చెడగొడుతుంది. పొద్దున ఇస్త్రీ చేసిన జుట్టు బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి లేచిపోవడానికి కారణం ఇదే.

కాబట్టి మార్చాల్సింది జుట్టును కాదు, తలంటుకునే పద్ధతిని. వారానికి రెండుసార్లు తలస్నానం చేయండి, హెల్మెట్ పెట్టుకుని చెమట పట్టేవాళ్లయితే మూడుసార్లు. షాంపూ మాడుకే రుద్దాలి. కొసలకు ఆ నురగ జారితే చాలు. తర్వాత కండిషనర్ చెవుల కింది నుంచి కొసల దాకా రాయండి, మాడుకు వద్దు. జుట్టు ఇంకా నీళ్లోడుతూ కండిషనర్‌తో జారుడుగా ఉన్నప్పుడే పెద్ద పళ్ల దువ్వెనతో చిక్కు తీయాలి, అదీ కొసల దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్తూ. ఆ పూటకి దువ్వడం అంతటితో అయిపోయింది. మళ్లీ తలస్నానం దాకా పొడి జుట్టు మీద దువ్వెన పెట్టవద్దు. ఇదొక్కటి పాటిస్తే మీ గొడవ సగం తగ్గుతుంది.

కడిగాక టర్కీ టవల్ పక్కన పెట్టి, బాగా నలిగిన పాత కాటన్ పంచె గానీ టీషర్టు గానీ తీసుకోండి. రుద్దకుండా, తల ముందుకు వంచి జుట్టును గుడ్డలోకి తీసుకుని కొసల నుంచి పైకి మెల్లగా నొక్కుతూ నీళ్లు పీల్చనివ్వాలి. తడి ఇంకా ఉండగానే కొంచెం జెల్ రెండు అరచేతులకూ పులిమి, పాయలను కింది నుంచి గుప్పిట్లోకి తీసుకుని నొక్కి వదలండి. ఇక చేయి పెట్టకండి. ఆరేటప్పుడు పైన కాస్త గట్టిగా, పెళుసుగా అవుతుంది. అది చూసి చాలామంది కంగారుపడి కడిగేస్తారు. అక్కర్లేదు, పూర్తిగా ఆరాక అలాగే గుప్పిట్లో నలిపితే ఆ గట్టిదనం పోయి ఉంగరాలు మిగులుతాయి. ఆఫీసుకు టైమ్ అయిపోతుంటే డ్రయర్‌కు వెడల్పాటి చిల్లుల మూతి వస్తుంది, డిఫ్యూజర్ అంటారు, దాన్ని తగిలించి తక్కువ వేడి మీద ఆరబెట్టుకోవచ్చు.

జెల్ కొనాలని కూడా లేదు. నాలుగు పెద్ద చెంచాల అవిసె గింజలను రెండు గ్లాసుల నీళ్లలో మరిగించి, జిగురుగా సాగుతుండగానే వడగట్టాలి. చల్లారాక వడగడదామంటే గుడ్డలోంచి చుక్క దిగదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని వాడండి, వారం దాటితే పారబోయండి. ఇన్‌స్టాలో చూసి బటర్లు, చిక్కటి క్రీములు కొనేవాళ్లు ఎక్కువయ్యారు. అవి బాగా బిగుతుగా చుట్టలు తిరిగే జుట్టుకు పనికొస్తాయి. మీలాంటి వదులు వంకీలకు రాస్తే బరువుకి సాగిపోయి, జిడ్డుగా వేలాడతాయి. సల్ఫేట్ లేని షాంపూయే వాడాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. నూనె పెట్టుకున్న రోజు దాంతో జిడ్డు వదలక రెండు మూడుసార్లు రుద్దుతారు, ఆ రాపిడి వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

హాస్టల్ అన్నారు కాబట్టి నీళ్ల గురించి చెప్పాలి. కృష్ణా నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ బాధ తక్కువ. చాలా హాస్టళ్లలో, అపార్ట్‌మెంట్లలో వాడకానికి బోరు నీళ్లే. మీ బాత్రూమ్‌లో బకెట్ అంచున, షవర్ చిల్లుల చుట్టూ తెల్లగా పొర కట్టిందేమో చూడండి. ఆ కాల్షియం, మెగ్నీషియం లవణాలే జుట్టు మీదా పేరుకుని గరుకు చేస్తాయి. ఇలాంటి నీళ్లలో ఒంటి సబ్బు తలకు వాడితే తెల్లటి మడ్డి దిగుతుంది. శీకాయ సబ్బు కూడా సబ్బే, పేరు చూసి మోసపోవద్దు. కుంకుడు రసం వాడుకోవచ్చు, బాగా వడగట్టి, తర్వాత కండిషనర్ రాయండి. రెండు మూడు వారాలకోసారి లేబుల్ మీద ఈడీటీఏ ఉన్న షాంపూ వాడితే పేరుకున్న లవణాలు కొంత వదులుతాయి. చివర్న ఒక మగ్గు ఆర్‌ఓ నీళ్లు పోసుకున్నా తేడా తెలుస్తుంది. అయితే ఒక్క మాట. బోరు నీళ్ల వల్ల వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగుతుందే గానీ కుదురుతో సహా ఊడిపోదు. మీరు చెబుతున్న రాలడానికి నీళ్లు కారణం కాదు.

అమ్మ మాటలో కొంత నిజం ఉంది. వంకీల జుట్టులో మాడు మీద ఊరే సహజమైన జిడ్డు కొసల దాకా జారదు. అందుకే మీకు మాడు జిడ్డుగా, కొసలు పీచుగా ఉంటాయి. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి ఇంకుతుంది, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది. తలస్నానానికి గంటా రెండు గంటల ముందు రెండు చెంచాల నూనె పొడవునా, కొసలకు ఎక్కువగా రాయండి. మాడుకు పట్టించి రాత్రంతా ఉంచాల్సిన పనిలేదు. చుండ్రు ఉంటే అసలే వద్దు, చుండ్రుకు కారణమయ్యే ఫంగస్‌కు ఆ జిడ్డే ఆహారం. తడి మీద జడ వేసుకుని పడుకోవడం, తడి తల మీద చున్నీ చుట్టి హెల్మెట్ పెట్టడం కూడా మానండి. ముక్క వాసన, దురద అక్కడే మొదలవుతాయి.

కెరాటిన్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. పేరు కెరాటిన్ అయినా జుట్టును సాఫీ చేసేది ఆ ప్రొటీన్ కాదు. ఇందుకు పార్లర్లలో వాడే చాలా మందుల్లో ఫార్మాల్డిహైడ్ గానీ, వేడి చేస్తే దాన్ని విడుదల చేసే రసాయనం గానీ ఉంటుంది. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. చేస్తున్నప్పుడు కళ్లు మండటం, గొంతు గరగర ఆ పొగ వల్లే. ఆ పొగ రోజంతా పీల్చేది పార్లర్‌లో పనిచేసే అమ్మాయిలు, వాళ్ల గురించి ఎవరూ అడగరు. ‘మాది ఫార్మాల్డిహైడ్ ఫ్రీ’ అంటే సరిపోదు. అలాంటి వాటిలో తరచూ గ్లైఆక్సిలిక్ యాసిడ్ వాడతారు. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 26 ఏళ్ల యువతి కేసు ఒకటి వచ్చింది. ఆమె జుట్టు స్ట్రెయిట్ చేయించుకున్న మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. వాడిన క్రీములో ఉన్నది ఈ యాసిడే. మాడు ద్వారా లోపలికి వెళ్లి, ఆక్సలేట్ స్ఫటికాలుగా మారి కిడ్నీల్లో చేరుతుందని డాక్టర్ల అంచనా. చేయించుకున్న ప్రతి ఒక్కరికీ ఇలా అవుతుందని కాదు. కానీ లేని జబ్బుకు ఇంత రిస్క్ ఎందుకు? రీబాండింగ్, స్మూతెనింగ్ వేరే రకం, అవి వెంట్రుకలోని గట్టి బంధాలనే తెంచేస్తాయి. జుట్టు నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి ఆరు నెలలకు పైన వంకీలు, కింద సాఫీ. మళ్లీ పార్లర్‌కు వెళ్లాల్సిందే. అసలే రాలుతున్న జుట్టుకు ఇప్పుడు ఈ రెండూ పనికిరావు.

పెళ్లి గురించి టెన్షన్ పడకండి. మీ జుట్టు పెళ్లికి అనువైనదే. పట్టులా జారే జుట్టులో పిన్నులు నిలవవు, మల్లె దండ బరువుకే జడ జారుతుంది. వంకీల జుట్టులో ముడి గానీ జడ గానీ సాయంత్రం దాకా కదలదు. ముందు రోజు తలంటుకుని జెల్‌తో ఆరనివ్వండి. ఏ ఒక్క పూటకో స్ట్రెయిటనర్ పెట్టాలనుకుంటే జుట్టు పూర్తిగా ఆరాకే, వేడి నుంచి కాపాడే సీరం రాసి, 180 డిగ్రీలు దాటకుండా పెట్టించుకోండి. తడి జుట్టు మీద పెడితే లోపలి నీళ్లు ఆవిరై బుడగలు కట్టి, వెంట్రుక అక్కడే పుటుక్కున తెగుతుంది. నెత్తి మీద పఫ్ కోసం వెనక్కి దువ్వించుకుంటే రాత్రి పొడిగా లాగకుండా, కండిషనర్ రాసి విడదీయండి.

చివరగా రాలడం. రాలిన వెంట్రుకను వేళ్ల మధ్య పట్టుకుని వెలుగులో చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి ముడి ఉంటే కుదురు నుంచి ఊడిందని, లేకపోతే మధ్యలో తెగిందని అర్థం. మీ విషయంలో ముడి కనిపిస్తుందనే అనుకుంటున్నాను. టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరాల తర్వాత చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్లి, రెండు మూడు నెలలకు రాలడం మొదలవుతుంది. సాధారణంగా ఆరు నెలల్లోపు ఆగిపోయి కొత్త జుట్టు వస్తుంది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు ఎవరికైనా ఊడతాయి. మూడు రోజులు దువ్వకుండా ఉంటే అవన్నీ తలంటు రోజున ఒకేసారి చేతికి వస్తాయి, దాన్ని చూసి భయపడొద్దు.

అయినా సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించండి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లలో రక్తహీనత ఉంది, హాస్టల్ తిండి సంగతి మీకు తెలిసిందే. ఐరన్ తక్కువగా ఉంటే జుట్టు కోలుకోవడం ఆలస్యమవుతుంది. రిపోర్టు చూపించి, ఎంత డోసు, ఎన్నాళ్లు అన్నది డాక్టర్ చెప్పినట్టే వాడండి. రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడినా, పాపిడి వెడల్పవుతున్నా, నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్నా ఆలస్యం చేయకుండా స్కిన్ డాక్టర్‌ను కలవండి.

బయోటిన్ లోపం మన తిండిలో చాలా అరుదు. రోజుకు కావాల్సింది 30 నుంచి 40 మైక్రోగ్రాములు, జుట్టు కోసం అమ్మే మాత్రల్లో తరచూ 10 మిల్లీగ్రాములు ఉంటుంది. అంత డోసులో అది థైరాయిడ్ పరీక్షను తప్పుగా చూపించగలదు. కాబట్టి రక్తం ఇవ్వడానికి కనీసం 3 రోజుల ముందు ఆ మాత్రలు ఆపేయండి. వాడుతున్న సంగతి ల్యాబ్‌లోనూ చెప్పండి.