ఒక్క జాకెట్ బిగుతైతే 'నేను వేస్ట్' అనిపిస్తోంది.. ఇది టెన్షనా, డిప్రెషనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. వయసు 33. ఇంట్లో మిషన్ కుడతాను, మా ఆయన హైదరాబాద్‌లో డ్రైవర్. మూడు నెలల నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. గుండె దడ, చేతులు వణుకు. ఈసీజీ నార్మల్ అన్నారు. ఒకామె జాకెట్ చంక దగ్గర బిగుతైందని తిరిగి తెచ్చింది, అప్పటి నుంచి 'నాకేదీ చేతకాదు, నేను వేస్ట్' అని మనసులో ఒకటే మాట తిరుగుతోంది. బతుకమ్మకు తంగేడు, గునుగు తెచ్చి కూడా పేర్చబుద్ధి కాలేదు. ఒక్కోసారి నేను లేకుంటేనే వీళ్లకు నయం అనిపిస్తోంది. అత్తమ్మ 'ఊకె రంది పెట్టుకోకు' అంటోంది. ఇది టెన్షనా, డిప్రెషనా?

జవాబు: అమ్మా, 'నేను లేకుంటేనే నయం' అని రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ నాలుగు రోజులు ఆగొచ్చు కానీ అది ఆగదు. ఈ రోజే మీ ఆయనకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఏ రాత్రైనా సరే 14416కి ఫోన్ చేయండి, అది 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఏదైనా చేసుకోవాలనే దాకా వస్తే ఒంటరిగా ఉండకండి, పక్కింటివాళ్లనైనా లేపి 108లో ఆస్పత్రికి వెళ్లండి. ఇంట్లో పత్తి చేను మందు డబ్బాలుంటే అత్తమ్మతో తాళం వేయించండి, తాళంచెవి మీ దగ్గర వద్దు.

ఇక మీరడిగింది. మన దిక్కు పెద్దవాళ్లకు డిప్రెషన్, యాంగ్జైటీ అనే పేర్లు తెలియకపోయినా రంది, బుగులు తెలుసు. ఏదో అయిపోతుందని గుండె కొట్టుకోవడం, చేతులు వణకడం, కడుపులో తిప్పడం బుగులు. ఇష్టమైన పని మీదకు కూడా మనసు పోకపోవడం, తెల్లారకముందే మెలకువ, ఆకలి చచ్చిపోవడం, తప్పంతా నాదేననిపించడం రంది. చాలామందికి రెండూ కలిసే వస్తాయి, మీకూ అలాగే ఉన్నట్టుంది. రెండు వారాలకు మించి రోజూ, రోజులో ఎక్కువ సేపు ఇలా ఉంటేనే మేం డిప్రెషన్ అని అనుమానిస్తాం, మీకు మూడు నెలలైంది. నాకు బాగా గుచ్చుకున్నది ఆ బతుకమ్మ సంగతి. పూలు తెంపుకొచ్చిన మనిషి తాంబాళం ముందు కూర్చోలేకపోయిందంటే, దాన్ని బద్ధకమని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అత్తమ్మ ప్రేమతోనే అన్నారు. కానీ రంది మనం పెట్టుకుంటే వచ్చి వద్దంటే పోయేది కాదమ్మా, జ్వరం వచ్చినవాళ్లతో ఒళ్లు కాలనీయకు అన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఆ జాకెట్. జరిగింది ఇంతే, చంక దగ్గర బిగుతైంది. మీరు లోపల మడతలో గుడ్డ వదిలే ఉంటారు, కుట్లు విప్పి అరంగుళం లూజు చేసి ఇచ్చేసి ఉంటారు కూడా. మనసు మాత్రం జాకెట్ దగ్గర ఆగకుండా 'నేనే వేస్ట్' దాకా పోయింది. అమెరికాలో ఆరన్ బెక్ అనే డాక్టర్ 1960లలో డిప్రెషన్ ఉన్నవాళ్ల మాటలు వింటూ గమనించింది ఇదే, ఈ ఆలోచనలు మనం పిలవకుండానే వచ్చిపడతాయి, వచ్చినవన్నీ నిజమే అనిపిస్తాయి. వాటిని పట్టుకోవడానికి మీ కొలతల పుస్తకంలో వెనక పేజీ చాలు. ఏం జరిగింది, మనసు ఏమంది, మీ దగ్గర మిషన్ నేర్చుకునే పిల్ల అదే తప్పు చేస్తే మీరేమనేవాళ్లు, ఈ మూడూ రాయండి. మొదట్లో మూడోది రాయబుద్ధి కాదు, పర్వాలేదు, రెండే రాయండి.

మీకు ఇదొక్కటే సరిపోదు. ఈ వారంలోనే నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. రక్తం, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి, రక్తం తక్కువైనా థైరాయిడ్ తేడా చేసినా నీరసం, దడ ఇలాగే ఉంటాయి. మందులు రాస్తే రెండు నుంచి నాలుగు వారాల దాకా పెద్ద తేడా కనిపించదు, పనిచేయట్లేదని మధ్యలో ఆపేయొద్దు, బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాల్సి వస్తుంది. వీటికి అలవాటుపడిపోతామేమో అనే భయం అక్కర్లేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలతోనే ఆ ప్రమాదం, వాటి జోలికి పోకండి.

మీ ఆయన్ను ఒకరోజు సెలవు పెట్టి వెంట రమ్మనండి. డాక్టర్ ముందు కూర్చోగానే 'ఏం లేదు సార్, కొంచెం గ్యాస్' అని లేచి వెళ్లిపోయేవాళ్లను మస్తు మందిని చూశాను. ఆ కొలతల పుస్తకం సంచిలో పెట్టుకెళ్లండి, నోట మాట రాకపోతే వెనక పేజీ తీసి చూపించండి.