వీసా సంగతి తర్వాత, ముందు అన్నయ్యకు ఫోన్ చేయండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నాన్నగారు టీచరుగా రిటైరయ్యారు, పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి అమ్మ మా దగ్గరే ఉంటోంది. అన్నయ్య వదినా పిల్లలతో డల్లాస్‌లో హెచ్-1బి (అమెరికా ఉద్యోగ వీసా) మీద ఉన్నాడు. నెలనెలా ముప్పై వేలు పంపిస్తాడు. పోయిన ఏడు అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. కంగారుపడతాడని అన్నయ్యకు ఆపరేషన్ అయ్యాకే చెప్పాను. ఆ తర్వాతే మాకు కూడా అమెరికా వెళ్లాలన్న ఆలోచన మొదలైంది. మావారి కంపెనీ వచ్చే ఏడాది హెచ్-1బి వేస్తామంది.

నాన్న పోయినప్పుడు వచ్చిన అన్నయ్య మళ్లీ ఈ సెప్టెంబర్‌లోనే వచ్చాడు. పెత్రమాసకు (పితృ అమావాస్యకు) నాన్న పేరున బియ్యం ఇచ్చి, బతుకమ్మ పండగ అయ్యాక వెళ్తానన్నాడు. 20వ తేదీ పొద్దున్నే హెచ్-1బికి లక్ష డాలర్ల ఫీజు అని వార్త. వెంటనే వచ్చేయమని కంపెనీ నుంచి మెయిల్. మధ్యాహ్నానికి శంషాబాద్‌లో ఉన్నాడు. మరునాడు బియ్యం నేనే ఇచ్చాను. పిల్లలకు దసరా సెలవులు, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, రాత్రి మావారికి పాకిస్తాన్‌తో మ్యాచ్. సోమవారం నుంచి జీఎస్టీ తగ్గింది, కారు చూద్దామని గొడవ. ఆ వారమంతా ఎలా గడిచిందో నాకే తెలియదు. నిద్ర పట్టడం లేదు, అన్నీ టెన్షన్లే. వెళ్తూ వెళ్తూ అన్నయ్య, "హనుమకొండ ఇల్లు అమ్మేద్దాం, ఎవరుంటారక్కడ" అన్నాడు. నేనేమీ అనలేదు. ఇంత జరిగాక కూడా మేం అమెరికా ప్రయత్నం చేయాలా, ఇక్కడే ఫ్లాట్ కొనుక్కోవాలా? మేం వెళ్తే అమ్మ సంగతి అన్నయ్య ఏదో ఒకటి చూస్తాడు, ఆ ఇబ్బంది లేదు. ఇంకో సందేహం. పెత్రమాస బియ్యం కూతురు ఇవ్వొచ్చా? మా పెద్దమ్మ తప్పంటోంది.

జవాబు: మీరడిగిన దానికి ముందు జవాబు చెప్పేస్తాను, అది తేలికైంది. ఆ లక్ష డాలర్లు, అంటే దాదాపు 88 లక్షల రూపాయలు, కొత్తగా వేసే పిటిషన్లకు. కట్టాల్సింది కంపెనీ. ఆ ఫీజు పెట్టిన ట్రంప్ ఉత్తర్వు 2025 సెప్టెంబర్ 21న, మన టైము ప్రకారం ఉదయం తొమ్మిదిన్నరకు, ఏడాది కాలానికి అమల్లోకి వచ్చింది. హెచ్-1బి లాటరీ జరిగేది మార్చిలో. ఆ ఖర్చు పెట్టుకుంటారో లేదో కంపెనీ అప్పుడు చెబుతుంది. అప్పటిదాకా మీరు నిర్ణయించేదేమీ లేదు. ఫ్లాటు కొనాలా వద్దా అన్నది మీ జీతాలు, మీ ఈఎంఐ లెక్క. దానికి వైట్‌హౌస్‌తో పనేముంది?

మీ అన్నయ్య పరుగెత్తినందుకు కోపం పెట్టుకోకండి. ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదని అమెరికా ప్రభుత్వం స్పష్టంగా చెప్పేసరికి ఆయన దారిలో ఉండి ఉంటారు. ఆ శనివారం ఉదయం మెయిల్ చూసిన ఎవరైనా అదే చేస్తారు. ఇంటి లోను, పిల్లల స్కూలు అన్నీ అక్కడ పెట్టుకున్న మనిషి హైదరాబాద్‌లో కూర్చుని రిస్కు తీసుకోలేడు.

మీ ఆయన్ని కూడా వదిలేయండి. మూడేళ్లుగా అత్తగారు ఇంట్లో ఉంటే ఆయన ఒక్క మాట అన్నట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అలాంటి మనిషిని మ్యాచ్ చూసుకోనివ్వండి. పైగా ఆ ఆసియా కప్ ఫైనల్లో మన హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ 69 నాటౌట్ కొట్టాడు, ఆ రోజు ఎవరు మాత్రం టీవీ ముందు నుంచి లేస్తారు!

ఇక అసలు సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అన్నయ్య ఏమన్నాడో ఉంది, కంపెనీ ఏమందో ఉంది, పెద్దమ్మ ఏమందో కూడా ఉంది. అమ్మ ఏమందో లేదు. ఒక్క మాట కూడా లేదు. "అన్నయ్య ఏదో ఒకటి చూస్తాడు" అని రాశారు. ఏం చూస్తాడు? అడిగారా? హెచ్-1బి మీద ఉన్నవాళ్లు భార్యను, 21 ఏళ్లలోపు పిల్లలను వెంట ఉంచుకోవచ్చు. అమ్మానాన్నలను అలా ఉంచుకోవడం కుదరదు. విజిటర్ వీసా మీద తీసుకెళ్తే మామూలుగా ఆరు నెలలు. తల్లికి గ్రీన్‌కార్డు పెట్టాలంటే కొడుకు అమెరికా పౌరుడై ఉండాలి. కాబట్టి మీరు కూడా విమానం ఎక్కేస్తే అమ్మకు మిగిలేది ఆరు నెలలు డల్లాస్, ఆరు నెలలు హనుమకొండలో తాళం తీసిన ఇల్లు. ఆ ఇల్లు కూడా అమ్మేద్దామంటున్నారు.

ఇవన్నీ మీకు తెలియవని నేననుకోను. మీ అమెరికా ఆలోచన మొదలైంది ఎప్పుడో మీరే రాశారు, అమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత. ఆసుపత్రి వరండాలో ఒక్కరే కూర్చున్నప్పుడు మీ లోపల ఒక ప్రశ్న పుట్టింది: "వాడి వంతు ఎప్పుడు?" అది అన్నయ్యను అడగలేక వీసా ఆఫీసు చేత అడిగించాలని చూస్తున్నారు. మీరు వెళ్లిపోతే అడగకుండానే ఆయన వంతు వస్తుందని లెక్క. ఇప్పుడు ఆ దారి మూసుకుపోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. వార్తల వల్ల వచ్చిన టెన్షనైతే ఈపాటికి తగ్గాలి.

ఇందులో మీ తప్పూ ఉంది, చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఆపరేషన్ అయ్యాక చెప్పడమేమిటి? కొడుకు కంగారుపడితే పడనివ్వండి, తల్లికి మోకాలు కోస్తుంటే కంగారుపడటం కొడుకు పని. ఎన్నిసార్లు వీడియో కాల్‌లో "అమ్మ బాగుందిరా, నువ్వేం దిగులు పెట్టుకోకు" అని ఉంటారో నేను ఊహించగలను. మా తమ్ముడితో నేనూ అలాగే చెప్పేదాన్ని. చివరి రెండేళ్లు మా అమ్మను మంచంలో చూసుకున్నది నేనే. వాడు ఒకరోజు మామూలుగా, "అక్కా, అమ్మకు పెద్దగా బాధలేమీ లేకుండానే వెళ్లిపోయింది కదా" అన్నాడు. ఆ మాటకు నేను మూడు నెలలు వాడితో మాట్లాడలేదు. వాడికి ఎందుకో ఇప్పటికీ తెలియదు. తెలియనివ్వంది నేనే.

ముప్పై వేల సంగతి తీసిపారేయకండి. మూడేళ్లంటే పదిన్నర లక్షల పైమాటే. తప్పకుండా పంపడం కూడా ఒక బాధ్యతే. నేను ఒప్పుకోనిది ఒకటుంది. డబ్బు పంపేవాళ్లు "అమ్మేద్దాం" అనడం, మందులిచ్చి బాత్రూమ్‌కు నడిపించేవాళ్లు నోరు మూసుకుని వినడం. మీరెందుకు మాట్లాడలేదో కూడా నాకు తెలుసు. "ఆస్తి కోసం నోరు విప్పింది" అనిపించుకుంటామని, అన్నావదినలతో చెడితే పుట్టింటి గడప పోతుందని. మన ఆడపిల్లలందరి భయం ఇదే. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలోనే వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. భయం మాత్రం పోలేదు.

ఆ ఇల్లు నాన్నగారు తన సంపాదనతో కట్టుకున్నదై, వీలునామా రాయకపోతే, అమ్మకు, అన్నయ్యకు, మీకు ముగ్గురికీ సమాన భాగం. ముగ్గురూ సంతకం పెడితే తప్ప ఇల్లు మొత్తంగా అమ్ముడుపోదు. తల్లిదండ్రుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం కూడా కొడుకు బాధ్యత, కూతురి బాధ్యత అని విడదీయలేదు. మిమ్మల్ని కోర్టుకు పంపడానికి చెప్పడం లేదు. అన్నయ్యతో మాట్లాడేటప్పుడు గొంతు వణక్కుండా ఉంటుందని చెబుతున్నాను.

అయితే అన్నయ్య కంటే ముందు అమ్మతో కూర్చోండి. పిల్లలు, అల్లుడు ఇంట్లో లేనప్పుడు. అల్లుడి ఇంట్లో మూడేళ్లుగా ఉంటున్న తల్లి ఎంత ఒదిగి ఉంటుందో మీకు చెప్పాలా? టీవీ సౌండ్ తగ్గించుకుని, ఆకలేస్తే అడగకుండా. ఎంగిలిపూల నాడు హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్లు ఇసుకేస్తే రాలనంతగా వస్తారు. ఎన్నో ఏళ్లు ఆ గుంపులో ఆడి ఉంటుంది మీ అమ్మగారు. ఈసారి కొడుకు వెళ్లిపోయిన మరునాడు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎవరిదో బతుకమ్మ చుట్టూ నాలుగు చప్పట్లు కొట్టి లిఫ్టెక్కి ఉంటుంది. ఆమెకు హనుమకొండలోనే ఉండాలని ఉందేమో. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటుంది, ఇల్లుంది, అన్నయ్య పంపే డబ్బుతో ఒక మనిషిని పెట్టుకోవచ్చు. లేదా మీ దగ్గరే ఉంటానంటుందేమో. కొన్నాళ్లు డల్లాస్ చూసొస్తానన్నా నేను ఆశ్చర్యపోను. "మీ ఇష్టం బిడ్డా" అంటే ఊరుకోకండి. మళ్లీ అడగండి, రెండు రోజులాగి ఇంకోసారి అడగండి.

తర్వాత అన్నయ్యకు ఫోన్. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు చేయండి, డల్లాస్‌లో శనివారం రాత్రి పదవుతుంది, పిల్లలు పడుకుని ఉంటారు. వీడియో వద్దు. మొహం చూస్తే మీరు "అంతా బాగుంది" అనేస్తారు. పాతవి తవ్వకండి, వదిన పేరు ఎత్తకండి. అమ్మ ఇలా అనుకుంటోంది, ఇల్లు ఇప్పుడు అమ్మడం లేదు, ఏడాదిలో ఇన్ని రోజులు అమ్మ నీ బాధ్యత, ఎలా చూస్తావో నువ్వు చెప్పు. ఇంతే. అన్నాక మీరు మాట్లాడకుండా ఆగాలి. అదే కష్టం. ఆ నిశ్శబ్దం భరించలేక "సర్లే, నేనే చూస్తాలే" అనేశారా, ఇంకో మూడేళ్లు ఇంతే. ఆయనకు కోపం రావచ్చు. ఫోన్ పెట్టేయవచ్చు. ఆరో రోజు బతుకమ్మ కూడా అలుగుతుంది. ఆ ఒక్క రోజూ పేర్చం, మర్నాడు మళ్లీ పూలు కోసుకొస్తాం కదా.

కారు మీరిద్దరూ మాట్లాడుకుని కొనుక్కోండి, అది నన్నడగనక్కర్లేదు.

పెత్రమాస బియ్యం గురించి. అన్నయ్య శంషాబాద్‌లో విమానం ఎక్కాడు, మీరు బియ్యం, పప్పు, కూరగాయలు సర్దుకుని మీ నాన్నగారి పేరు చెప్పి ఇచ్చొచ్చారు. తప్పని పెద్దమ్మకు అనిపిస్తే వచ్చే ఏడు అమావాస్యకు రెండు రోజుల ముందు ఆమెనే డల్లాస్‌కు ఫోన్ చేయమనండి.