డబ్బు అడిగిన మనిషి గురించి రాసేటప్పుడు

అమ్మాయీ,

పమేలా హారిమన్ మీద నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. అమెరికాలో ఒక పార్టీకి చందాలు పోగు చేసిన మనిషి ఫ్రాన్స్‌కి రాయబారిగా ఎలా వెళ్లిందో తెలుగులో చెప్పాలన్న ఆలోచనే నాకు నచ్చింది. ఇలాంటి జీవితాల జోలికి మనవాళ్లు పెద్దగా పోరు. పోయినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు: డబ్బిచ్చింది, పదవి పుచ్చుకుంది. నువ్వూ చివరి పేరాలో ఆ మాటే అనేశావు. అందులో నిజం లేదనను. కానీ ఆ మాటతో తలుపు మూసేశావు. అది చదివినవాడికి ఆ పని ఎలా జరుగుతుందో తెలియకుండానే అంతా తెలిసిపోయినట్టు అనిపిస్తుంది.

నీ వ్యాసంలో సగానికి పైగా ఆమె జీవితంలోని మగవాళ్లే ఉన్నారు. 1939లో చర్చిల్ కొడుకు రాండాల్ఫ్‌తో పెళ్లి, యుద్ధం రోజుల్లో రూజ్వెల్ట్ దూతగా లండన్ వచ్చిన ఏవరెల్ హారిమన్‌తో సంబంధం, విడాకులు, పారిస్ జీవితం, బ్రాడ్‌వే నిర్మాత లీలండ్ హేవర్డ్‌తో రెండో పెళ్లి, ఆయన పోయాక 1971లో ముసలితనంలో ఉన్న హారిమన్‌తోనే మూడో పెళ్లి. ఇవన్నీ జరిగినవే. ఆమె బతికుండగానే పుస్తకాలు రాసినవాళ్లు కూడా ఎక్కువగా ఈ దారే పట్టారు. కానీ నువ్వు రాస్తానన్నది చందాల నుంచి ఎంబసీ దాకా సాగిన ప్రయాణం గురించి కదా. అది మొదలయ్యేది 1980లో, ఆమెకు అరవై ఏళ్లు నిండాక. అక్కడి నుంచి పదిహేడేళ్ల కథకు నువ్వు ఇచ్చిన చోటు పేజీన్నర. పెళ్లిళ్లను ఒక పేరాకి కుదించు. అయితే లండన్ రోజుల్లో ఒకటి మాత్రం వదలకు. ఇరవై రెండేళ్లయినా నిండని వయసులో చర్చిల్ కోడలి హోదాలో ఆమె ఏ భోజనాల బల్ల దగ్గర కూర్చుందో, ఎవరి మాటలు వింటూ పెరిగిందో అది కావాలి. ఆమె చదివిన బడి అదే.

ఇక 1980 దగ్గర ఆగు. ఆ నవంబర్‌లో రీగన్ గెలిచాడు. డెమొక్రాట్లకు అధ్యక్ష పదవితో పాటు సెనెట్ కూడా పోయింది. ఓడిపోయిన పార్టీకి చందా అడగడం ఎంత కష్టమో మన ఊళ్లలో ఎన్నికలు చూసిన ఎవరికైనా తెలుసు. గెలిచినవాడి గుమ్మం ముందు కార్లు బారులు తీరతాయి, ఓడినవాడు చేస్తే ఫోన్ కూడా ఎత్తరు. సరిగ్గా అప్పుడే ఆమె 'డెమొక్రాట్స్ ఫర్ ది ఎయిటీస్' అనే కమిటీ పెట్టింది. వాషింగ్టన్‌లో దాన్ని ఆమె పేరు కలిపి 'పామ్‌ప్యాక్' అని పిలిచేవారు; ప్యాక్ అంటే చందాలు పోగుచేసే రాజకీయ కమిటీ. అదే ఎన్నికల్లో ఆర్కన్సా గవర్నర్ పదవి పోగొట్టుకుని దిగాలుగా ఉన్న ముప్ఫై నాలుగేళ్ల కుర్రాడిని ఆమె ఆ కమిటీ బోర్డులోకి తీసుకుంది. అతను బిల్ క్లింటన్. పన్నెండేళ్ల తర్వాత అధ్యక్షుడిగా గెలిచి ఆమెను పారిస్ పంపింది అతనే. నీ వ్యాసంలో ఇది ఒక్క వాక్యం. నా లెక్కన ఈ కథకి ఇదే గుండె. గెలిచాక ఇచ్చిన లక్ష కన్నా ఓడినప్పుడు చేసిన ఫోన్ రాజకీయాల్లో ఎక్కువ కాలం గుర్తుంటుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, లేకపోతే పాఠకుడు కోటీశ్వరురాలు పెద్ద చెక్కు రాసిందనుకుంటాడు. 1974, 1976 నాటి చట్ట సవరణల ప్రకారం అప్పట్లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు ఇవ్వగలిగేది 1,000 డాలర్లు. ఇలాంటి కమిటీకైతే ఏడాదికి 5,000. హారిమన్ కుటుంబం రైల్‌రోడ్ సంపదలో పుట్టినా ఈ గీత దాటడానికి లేదు. అందుకే సొంతంగా డబ్బున్నవాడికంటే, డబ్బున్నవాళ్లను వందమందిని కూడగట్టగలిగినవాడికి పార్టీల్లో విలువ పెరిగింది. ఆమె ఎదిగింది ఆ చట్టం చేసిన ఖాళీలోనే.

ఆ కూడగట్టడం ఎలా జరిగిందో దగ్గరగా చూపించు. జార్జ్‌టౌన్‌లో ఎన్ స్ట్రీట్ మీద వాళ్ల ఇల్లు. గోడ మీద వాన్ గో వేసిన తెల్ల గులాబీలు. ఆ బొమ్మ తర్వాత భర్త జ్ఞాపకంగా వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి చేరింది. సాయంత్రం కార్యక్రమానికి మనిషికి వెయ్యి డాలర్లు. ఒక సెనెటరో, ఆర్థికవేత్తో, ఆయుధాల వ్యవహారం తెలిసినవాడో ఒక విషయం మీద మాట్లాడతాడు. తర్వాత భోజనం, భోజనంతో పాటు చర్చ. వీటిని 'ఇష్యూస్ ఈవెనింగ్స్' అనేవారు. వ్యాపారం మీద వచ్చినవాడికి తను చందా ఇవ్వడానికి కాక, దేశం గురించి ఆలోచించడానికి వచ్చానన్న తృప్తి. సెనెటర్‌కి డబ్బున్నవాళ్లు నోరు మూసుకుని తన మాట వింటున్నారన్న తృప్తి. ఇంటావిడకు ఎవరికి ఏం కావాలో, ఎవరికి ఎవరంటే పడదో తెలిసిపోయేది. పెళ్లిలో ఏ వియ్యపురాలిని ఏ వరసలో కూర్చోబెడితే గొడవ రాదో తెలిసిన పెద్దావిడ పని అది, కాకపోతే బంతిలో కూర్చున్నవాళ్లు దేశాన్ని నడపాలనుకునేవాళ్లు. పదేళ్లలో ఆ కమిటీ పార్టీ కోసం సుమారు 1 కోటి 20 లక్షల డాలర్లు పోగుచేసింది.

నేను నీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. చందా అడగడాన్ని ఒక పనిగా చూసి రాయి. కమ్మరి గురించి రాస్తే కొలిమి చూపిస్తాం కదా, రైతు గురించి రాస్తే పొలం చూపిస్తాం కదా. డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మనకు చప్పున తీర్పు చెప్పేయాలన్న తొందర పుడుతుంది. అడిగేవాడికి చాలా తెలిసుండాలి. అవతలివాడు కిందటిసారి ఎంత ఇచ్చాడు, ఎందుకు నొచ్చుకున్నాడు, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, పొద్దున చేస్తే చిరాకు పడతాడా సాయంత్రం చేస్తే పడతాడా. మొహమాటం లేకుండా అంకె చెప్పాలి, చెప్పి ఆగాలి. ఆ కాసేపు మౌనం భరించలేక చాలామంది తామే అంకె తగ్గించేస్తారు. కాదంటే మొహంలో కనపడనివ్వకూడదు, వచ్చే ఏడాది మళ్లీ అదే మనిషికి ఫోన్ చేయాలి. ఇప్పుడు చెప్పు, ఇందులో రాయబారికి అక్కరకు రానిది ఏముంది?

పారిస్ భాగం ఆ కళ్లతో మళ్లీ చూడు. 1993లో ఆమె వెళ్లేసరికి అమెరికాకీ ఫ్రాన్స్‌కీ వ్యవసాయ సబ్సిడీల మీద, సినిమాల మీద గాట్ అనే అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం చర్చల్లో పెద్ద పేచీ నడుస్తోంది. 1995లో ఆర్థిక గూఢచర్యం ఆరోపణ మీద ఫ్రాన్స్ ప్రభుత్వం కొందరు అమెరికన్లను వెళ్లిపొమ్మంది. హోంమంత్రి షార్ల్ పాస్క్వా నుంచి ఆ సంగతి విని వాషింగ్టన్‌కి మోయాల్సి వచ్చింది ఆమెకే. అదే ఏడాది డిసెంబర్ 14న బోస్నియా ఒప్పందం మీద సంతకాలు పారిస్‌లోనే జరిగాయి. ఇవన్నీ ఆమె ఒక్కర్తే చక్కబెట్టిందని మాత్రం రాయకు, అది నిజం కాదు. వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ ఉంది, ఎంబసీలో కెరీర్ దౌత్యవేత్తలు ఉన్నారు. ఆమెకు ఉన్నవి రెండే. యుద్ధం తర్వాత ఏళ్ల తరబడి అక్కడ బతికి నేర్చుకున్న ఫ్రెంచ్ ఒకటి, అవసరమైతే వైట్‌హౌస్‌కి నేరుగా ఫోన్ చేయగల చనువు రెండోది. ఆ ఫోన్ కలుస్తుందన్న సంగతి ఫ్రెంచివాళ్లకూ తెలుసు. ఏ దేశమైనా రాయబారిలో ముందు చూసేది అదే.

ఇంతవరకూ చదివి నేను ఈ పద్ధతిని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. పదవులు ఇలా పంచడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. కానీ తప్పు అని చెప్పాలన్నా వివరాలే బలం. 1971 జూన్‌లో నిక్సన్ తన ఆఫీసులో అన్న మాట టేపులో ఉంది: రాయబారి కావాలనుకున్నవాడు కనీసం 2,50,000 డాలర్లు ఇవ్వాలి. ఆయన లాయర్ హెర్బర్ట్ కామ్‌బాక్ లక్ష డాలర్లకు ఒకాయనకు యూరప్‌లో పదవి ఆశ చూపినందుకు 1974లో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. ఈ కంపు చూసే అమెరికన్ కాంగ్రెస్ 1980 నాటి ఫారిన్ సర్వీస్ చట్టంలో స్పష్టంగా రాసింది: రాయబారి నియామకంలో ఎన్నికల చందాను లెక్కలోకి తీసుకోకూడదని. తేదీ చూశావా? ఆ చట్టం అక్టోబర్‌లో వచ్చింది. పామ్‌ప్యాక్ అదే ఎన్నికల ఓటమి తర్వాత పుట్టింది. నీ వ్యాసంలో ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, నువ్వు కోప్పడక్కర్లేదు. ఆ చట్టం వచ్చాక కూడా దశాబ్దాల పాటు అమెరికా రాయబారుల్లో దాదాపు ముప్ఫై శాతం మంది కెరీర్ దౌత్యవేత్తలు కానివాళ్లే.

మాక్స్‌వెల్ గ్లక్ కథ కూడా పెట్టు, అది మన పొరుగున జరిగింది. బట్టల దుకాణాల గొలుసు నడిపిన ఈయన్ని ఐసెన్‌హోవర్ 1957లో సిలోన్‌కి రాయబారిగా పంపాలనుకున్నాడు. సెనెట్ విచారణలో సెనెటర్ ఫుల్‌బ్రైట్ ముందు చందాల సంగతి అడిగాడు, తర్వాత ఆ దేశ ప్రధానమంత్రి ఎవరని అడిగాడు. పేరు అలవాటైనది కాదు, నోటికి రావడం లేదన్నాడు గ్లక్. బండారనాయకే ప్రధానిగా ఉన్న దేశానికి అలా వెళ్లాడు, సెనెట్ ఆమోదంతోనే. నార్వేకి నామినేట్ అయిన జార్జ్ సూనిస్ 2014లో సెనెట్ విచారణలో, రాజు ఉన్న ఆ దేశానికి అధ్యక్షుడు ఉన్నాడన్నట్టు మాట్లాడి ఇరుక్కున్నాడు, ఆ ఏడాది చివర్లో తప్పుకున్నాడు. ఎనిమిదేళ్ల తర్వాత గ్రీస్‌కి వెళ్లాడు. గ్రీకు మూలాలున్న కుటుంబం ఆయనది, అక్కడి వ్యవహారం తెలుసు. పమేలాతో కలిపి ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టేస్తే నీ వ్యాసం పేలవంగా తయారవుతుంది.

నీ వ్యాసంలో లేని మనిషి ఒకాయన ఉన్నాడు. వినయ్ తుమ్మలపల్లి. హైదరాబాద్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో చదువుకునే రోజుల్లో ఒబామాకు స్నేహితుడై, కొలరాడోలో సీడీలూ డీవీడీలూ తయారుచేసే కంపెనీ నడిపాడు. 2008 ప్రచారానికి నిధులు కూడగట్టాడు. 2009లో బెలీజ్‌కి రాయబారిగా వెళ్లాడు. భారత మూలాలున్నవాళ్లలో అమెరికా రాయబారి అయిన మొదటి మనిషి ఆయన. మనవాడు అని పొంగిపోయి రాసేవాళ్లు చాలామంది ఉంటారు, ఆ పని వాళ్లకు వదిలెయ్. నువ్వు చూడాల్సింది ఆయన తర్వాతి ఉద్యోగం. వాణిజ్య శాఖలో సెలెక్ట్ యూఎస్ఏ అనే విభాగానికి నాయకత్వం. విదేశీ కంపెనీలను మా దేశానికి వచ్చి పెట్టుబడి పెట్టండని అడగడం. మళ్లీ అడిగే పనే. నీ కథకి దారం ఎక్కడుందో కనపడుతోందా?

ఇక సమాచారం సంగతి. నువ్వు వాడినవన్నీ ఎవరో రాసిన వ్యాసాలు. వాటికన్నా కాగితాలు నయం. రాయబారిగా నామినేట్ అయినవాళ్లు తామూ, దగ్గరి కుటుంబ సభ్యులూ గత నాలుగేళ్లలో ఇచ్చిన చందాలన్నీ సెనెట్‌కి రాసివ్వాలి. పేరు, మొత్తం, తేదీ, ఎవరికి ఇచ్చారు. కొన్ని వరసల్లో 'ఏమీ లేదు' అని ఉంటుంది. అవీ చదువు. కుటుంబం మొత్తంలో ఒక్కరే ఇచ్చారా, అందరి పేరునా ఇప్పించారా అన్నది అక్కడే బయటపడుతుంది. ఎన్నికల కమిషన్ రికార్డుల్లో 200 డాలర్లు దాటిన ప్రతి చందాకీ ఇచ్చినవాడి ఊరూ, ఉద్యోగమూ ఉంటాయి. పాత దౌత్యవేత్తలతో రికార్డు చేసిన మౌఖిక చరిత్రలు బోలెడున్నాయి. రాజకీయ రాయబారుల కింద డిప్యూటీలుగా పనిచేసినవాళ్లు మెచ్చుకున్నదీ, నెత్తి కొట్టుకున్నదీ రెండూ అందులో దొరుకుతాయి.

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో ఫండ్‌రైజర్లు జరుగుతుంటాయని నువ్వే రాశావు. ఒకదానికి వెళ్లు. నీకు గ్రీన్‌కార్డు లేదు కాబట్టి చందా ఇవ్వడానికి వీల్లేదు, ఆ విషయంలో జాగ్రత్త. జీతం లేకుండా వలంటీరుగా సాయం చేయవచ్చు. గుమ్మం దగ్గర పేర్ల ట్యాగులు ఇచ్చే పని అడుగు. ఎవరు ముందు వస్తారు, ఎవరు ఫొటో అయ్యాక వెళ్లిపోతారు, ఇంటాయన ఎవరి చెయ్యి పట్టుకుని అభ్యర్థి దగ్గరికి తీసుకెళ్తాడు, ఎవరిని కంటితో పలకరించి ఊరుకుంటాడు. అక్కడ చూసింది నేరుగా ఈ వ్యాసంలో పెట్టమనడం లేదు. జార్జ్‌టౌన్ సాయంత్రం గురించి రాసేటప్పుడు నీ వాక్యాలకు అది ఆధారం అవుతుంది.

ఆస్తి తగాదా తీసేశావు, మళ్లీ పెట్టు. 1994లో హారిమన్ వారసులు ట్రస్టు డబ్బు పాడుచేసిందని ఆమె మీద కేసు వేశారు, 1995 చివర్లో రాజీ కుదిరింది. ఇతరుల డబ్బు పార్టీకి అంత ఒడుపుగా చేర్చిన మనిషి ఇంటి డబ్బు దగ్గర ఇలా ఎందుకు ఇరుక్కుంది అన్న ప్రశ్న పాఠకుడికి వస్తుంది. నీ దగ్గర జవాబు లేకపోయినా ప్రశ్న ఉండనీ.

ముగింపులో 1997 ఫిబ్రవరిలో రిట్జ్ హోటల్ ఈతకొలను దగ్గర ఆమె కుప్పకూలడం, ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ ఆమె శవపేటిక మీద లెజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఉంచడం రాశావు. ఉంచుకో, కానీ విశేషణాలన్నీ కొట్టెయ్. 'మహోన్నత', 'అశ్రునయనాల మధ్య' లాంటివి ఒక్కటీ వద్దు. తేదీ, చోటు, పతకం పేరు చాలు.

గ్లక్ విచారణ పాఠం నా దగ్గర ఉంది, స్కాన్ చేసి ఈ వారంలో పంపిస్తాను. 1980 నుంచి 1993 దాకా ఉన్న భాగం ముందు తిరగరాయి. మిగతాది దాన్నిబట్టి చూద్దాం. పొడుగైపోతుందని టెన్షన్ పడకు, కత్తిరించే పని తర్వాత ఇద్దరం కలిసి చేద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు