పచ్చి కొమ్మతో తొందరపడకు

చిరంజీవి సౌజన్యకు పెదనాన్న ఆశీస్సులు.

కరెంటు వాళ్లు కొట్టి పడేసిన జామ, వేప కొమ్మలు మేడ మీదకు చేర్చావని, నీ పిల్లికి క్యాట్ ట్రీ, అంటే ఎక్కి గీరుకునే గద్దె, కడతావని మీ అమ్మ చెప్పింది. మనింట్లో మళ్లీ ఉలి పట్టే మనిషి పుట్టిందని సంబరపడ్డాను. "వచ్చే ఆదివారానికి పూర్తి చేస్తుందట" అనేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గన్నేరు కొమ్మ తేకు, విషం. బెరడు ఒలిచెయ్, పురుగు దాని కిందే దాక్కుంటుంది. అడుగు పలక వెడల్పుగా, బరువుగా ఉండాలి. గీరుకోవడానికి కిత్తనార తాడు చుట్టు. పిల్లి ఒళ్లు విరుచుకుని గీరాలంటే మూడడుగుల ఎత్తు కావాలి.

ఇక అసలు సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో మన పెరటి జామచెట్టు కూలింది. మీ పెద్దమ్మ కాపురానికొచ్చిన ఏడు నాటిన చెట్టు. తను దాని పక్కనే కూర్చుని ఏడుస్తుంటే చూడలేక, ఆ వారమే ఒక పంగల కొమ్మ కోసి, తన పిల్లికి ఎక్కే గద్దె చేశాను. కొమ్మ చివర కుసి, అంటే బెజ్జంలో దూరే సన్నటి మొన, చెక్కి పలక బెజ్జంలోకి దిగ్గొట్టాను. రాయిలా బిగిసింది. నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాణ్ణి, పచ్చి కర్ర ఆరితే సన్నబడుతుందని నాకు తెలుసు. తెలిసే చేశాను, తన ముఖంలో నవ్వు చూడాలని. ఎండలు ముదిరేసరికి కుసి వదులైంది. ఒక మధ్యాహ్నం పిల్లి పైకి దూకగానే కొమ్మ ఊడి దానిమీదే పడింది. వెనక కాలు విరిగింది. కట్టు కట్టించాం, నడిచింది. కానీ బతికినన్నాళ్లూ మళ్లీ ఎత్తు ఎక్కలేదు. మీ పెద్దమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

అందుకే ఆదివారం మాట మర్చిపో. కోసిన చివరలకు కొవ్వొత్తి మైనం పూసి, నీడలో, గాలి తగిలేచోట పెట్టు. వారానికోసారి తూచి రాసుకో. బరువు తగ్గడం ఆగాకే ఉలి పెట్టు. ఎన్ని నెలలైనా పట్టనీ, మొండి పిల్లా! కర్రలోంచి సన్నటి పిండి రాలితే పుచ్చు పట్టినట్టే, ఆ కొమ్మ పారెయ్. పురుగు మందు మాత్రం పూయకు. పెర్మెత్రిన్ లాంటివి పిల్లి ఒంట్లో విరగవు, పాదాలు నాక్కుంటే చాలు, ప్రాణం మీదకొస్తుంది.

అతుకుల దగ్గర మేకులొద్దు. అవతలికి వచ్చేలా బోల్టు వేసి, వాషరు పెట్టి నట్టు బిగించు. కాలం మారినప్పుడల్లా మళ్లీ బిగించు.

నా చిన్న ఉలి మీ నాన్న చేత పంపుతున్నాను. పిడి మీ పెద్దమ్మ జామచెట్టుదే, పదేళ్లు ఆరింది. పిల్లిని ఎక్కించే ముందు రెండు చేతులతో గట్టిగా ఊపి చూడు. కిర్రుమంటే ఎక్కించకు. నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

పెదనాన్న