లాయర్ లేకుండా సబ్‌పీనా అడగొచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. పాత కంపెనీ ఎగ్గొట్టిన జీతం కోసం ఫెడరల్ కోర్టులో సొంతంగా కేసు వేశాను. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు. నా టైమ్‌షీట్లన్నీ క్లయింట్ కంపెనీ దగ్గరున్నాయి. అడిగితే ‘సబ్‌పీనా తెస్తేనే ఇస్తాం’ అంటున్నారు. అంటే కాగితాలు ఇమ్మనో, సాక్ష్యానికి రమ్మనో కోర్టు పేరుతో వచ్చే ఆదేశమట. నాతో పనిచేసినాయన సాక్ష్యం చెబుతానంటున్నాడు గానీ, కోర్టు కాగితం లేకపోతే ఆయనకు సెలవు దొరకదట. లాయర్ లేని నాకు కోర్టు సబ్‌పీనాలు ఇస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఇస్తుందమ్మా. ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ 45వ రూల్ ప్రకారం, కేసులో పార్టీ ఎవరు అడిగినా కోర్టు క్లర్క్ తన సంతకం చేసి, మిగతాదంతా ఖాళీగా ఉన్న సబ్‌పీనా ఇవ్వాలి. లాయరైతే తనే సంతకం చేసి పంపుకోవచ్చు, మీరు క్లర్క్ దగ్గరికి వెళ్లాలి. కాకపోతే లాయర్ లేనివాళ్లు ముందు జడ్జి అనుమతి తెచ్చుకోవాలనే కోర్టులూ ఉన్నాయి. క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ సంగతి కనుక్కోండి. మీ కేసులో డిస్కవరీ (విచారణకు ముందు ఆధారాలు అడిగి తెప్పించుకునే దశ) మొదలైందో లేదో కూడా చూసుకోండి.

టైమ్‌షీట్లకు ఏవో 88బి ఫారం, సాక్షి విచారణకు రావడానికి ఏవో 88. ఫారం దొరకడం కష్టం కాదు. అందులో ఏం రాస్తారన్న దగ్గరే కేసులు దెబ్బతింటాయి. ‘నా ఉద్యోగానికి సంబంధించిన రికార్డులన్నీ’ అని దయచేసి రాయకండి. అనవసర భారం వేశారని జడ్జి దాన్ని కొట్టేయొచ్చు, అవతలివాళ్ల లాయర్ ఖర్చు మీమీద వేసినా వేయొచ్చు. ‘ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు నా పేరు మీద ఆమోదించిన టైమ్‌షీట్లు’ అని రాయండి. అంత స్పష్టంగా అడిగినదాన్ని కాదనడం వాళ్లకే కష్టం. అయినా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పారంటే అక్కడికి ఆగిపోతుంది. అప్పుడు వాటిని ఇప్పించమని జడ్జికి మోషన్ (అర్జీ) పెట్టుకోవాలి.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: కాగితాలు అడిగే సబ్‌పీనాను క్లయింట్ కంపెనీకి అందించేముందే దాని కాపీని, నోటీసుతో సహా, మీ పాత కంపెనీ లాయర్‌కు పంపాలి.

సబ్‌పీనా మీరే వెళ్లి ఇవ్వకూడదు. 18 ఏళ్లు నిండి, కేసులో పార్టీ కాని స్నేహితురాలెవరైనా ఇవ్వొచ్చు. చేతికి అందించడమే క్షేమం. మీ సాక్షికి మాత్రం దాంతోపాటే ఒకరోజు ఫీజు 40 డాలర్లు, మైలేజ్ కూడా ఇవ్వాలి. కోర్టు ఫీజు మాఫీ అయినవాళ్లకు కూడా ఈ ఖర్చు తప్పదు. ఆయన ఉండే చోటికో, పనిచేసే చోటికో కోర్టు 100 మైళ్లలోపు ఉందా? లేకపోతే, ముఖ్యంగా వేరే రాష్ట్రమైతే, ఆయనకు దగ్గర్లోనే డిపాజిషన్ (కోర్టు బయట ప్రమాణం చేయించి సాక్ష్యం నమోదు చేయడం) పెట్టుకోవాల్సి వస్తుంది.

ఇవన్నీ ఫెడరల్ కోర్టు పద్ధతులు, రాష్ట్ర కోర్టుల ఫారాలు, ఫీజులు వేరు.

పాత కంపెనీ దగ్గరున్న పేస్లిప్‌లకు సబ్‌పీనా అక్కర్లేదు. వాళ్లు ఎలాగూ పార్టీయే. డిస్కవరీ మొదలయ్యుంటే, 34వ రూల్ కింద రాసి అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ పని ఈ వారమే చేయండి.